పదిహేను బండల గొలుసు

సుందరరాజుకు కోపం ఎక్కువని నంద్యాలలో అందరూ అంటారు. ఎక్కువే మరి! బేతంచెర్లలో ఇరవై రెండేళ్లు బండలు పాలిష్ పట్టి, ఆ కోపంతోనే పని పోగొట్టుకున్నాడు. ఇల్లు కట్టుకుంటున్న ఒక టీచరమ్మ ఇవి రెండడుగుల బండలేనా అని అడిగితే, యజమాని ఆదినారాయణ ఎదుటే టేపు పెట్టి ఇరవై రెండు ఇంచులని చూపించాడు. మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నారు. దొంగ కొలత అమ్మినవాడు కుర్చీలో, నిజం చెప్పినవాడు రోడ్డు మీద! అది తలుచుకుంటే ఇప్పటికీ అతనికి అన్నం సయించదు.

సరిగ్గా అలాంటి మనిషే కావాలని పట్టుకున్నాడు వ్యాయామ ఉపాధ్యాయుడు తిమోతి. ఒక శిబిరంలో నేర్చుకున్న కెనడా ఫుట్‌బాల్‌కు ఆయన ఈ ఏడే మొదటిసారి నాలుగు జట్లతో పోటీలు పెట్టాడు. కోలగా ఉండే బంతిని చంకన పెట్టుకుని, అడ్డొచ్చినవాళ్లను తోసుకుంటూ ఉరకాలి. మూడు ప్రయత్నాల్లో పది గజాలు సాగితే బంతి వాళ్లదే, లేదంటే అవతలి జట్టుది. ఆ పది గజాలు, అంటే ముప్పై అడుగులు, కొలవడానికి రెండు కర్రల మధ్య ఒక గొలుసు. కొడుకు అజయ్ కుమార్ నంద్యాల జట్టులో ఉన్నా, గొలుసు సుందరరాజు చేతికే ఇచ్చారు. అతని కొలతను ఎవరూ అనుమానించరు. పని పోయాక అతనికి మిగిలింది ఆ పేరొక్కటే.

గొలుసు మాత్రం ఆదినారాయణ విరాళం. కొలుద్దామని సుందరరాజు టేపు తీస్తే, దాత నొచ్చుకుంటాడని తిమోతి వారించాడు. జీవితంలో ఆ ఒక్కసారి సుందరరాజు మొహమాటానికి పోయి టేపును జేబులో పెట్టుకున్నాడు. సీజనంతా ఆ గొలుసే పట్టాడు. నంద్యాల మైదానంలో గీతలు లేవు, గొలుసు చెప్పిందే వేదం.

ఫైనల్ ఆళ్లగడ్డలో. ముఖ్య అతిథి ఆదినారాయణే. గొలుసు తన షెడ్డులోనే కోయించానని, పదిహేను రెండడుగుల బండలు వరసగా పరిచి మరీ కొలిపించానని మైకులో చెప్పుకుని మురిసిపోయాడు.

ఆట ముగియవచ్చింది. నంద్యాలకు అదే మూడో ప్రయత్నం. అజయ్ బంతితో ముగ్గురిని ఈడ్చుకుంటూ వెళ్లి పడ్డాడు. గొలుసు లాగి చూస్తే బంతి బెత్తెడు దాటింది. నంద్యాలవాళ్లు గంతులేశారు. ఆళ్లగడ్డ కెప్టెన్ ఖలీల్ మాత్రం కదల్లేదు. వాళ్ల మైదానంలో ఐదు గజాలకొక సున్నపు గీత కొట్టుకున్నారు.

"ఈ గీత నుంచి మూడో గీతకు పట్టి చూడన్నా. గొలుసు అందల్యా."

సుందరరాజు పట్టి చూశాడు. అందలేదు. టేపు తీశాడు. మూడు వందల అరవై ఉండాల్సింది, మూడు వందల ముప్పై ఇంచులే! పదిహేను బండలు, బండకు ఇరవై రెండు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆదినారాయణ మీద, తిమోతి మీద, అందరికంటే ఎక్కువగా టేపును జేబులో దాచుకున్న తన మీద.

తిమోతి పరుగున వచ్చి చెవిలో బతిమాలాడు. మొదటి సీజను, కప్పు ఇచ్చేదాకా ఊరుకోమన్నాడు. అజయ్ మోకాలి నెత్తురు తుడుచుకుంటూ తండ్రి వైపే చూస్తున్నాడు.

సుందరరాజు మైకు లాక్కున్నాడు. పరిచిన బండలు ఇరవై రెండు ఇంచులవేనని, గొలుసు రెండున్నర అడుగులు తక్కువని, సీజనంతా తప్పుడు కొలతతోనే ఆడించానని, కొలవకుండా పట్టిన తప్పు తనదేనని అందరికీ వినిపించేట్టు చెప్పాడు. బంతి ఆళ్లగడ్డది అన్నాడు. అజయ్ బంతిని నేలకేసి కొట్టి పక్కకు పోయాడు. కొడుకు మొహం చూడలేక సుందరరాజు గొలుసు వైపు తిరిగాడు.

"రెండించులకు ఇంత రచ్చ ఏందప్పా?" అన్నాడు ఆదినారాయణ వేదిక మీద నుంచి.

"బండకు రెండించులయ్యా. పదిహేను బండలకు ముప్పై. ఆ పొద్దు నా పని పాయె. ఈ పొద్దు నా కొడుకు ఆట పాయె."

భుజం మీది తువాలు తీసి, టేపు పెట్టి ముప్పై ఇంచులు సరిచూసి గొలుసు చివర ముడేశాడు. మిగతా ఆట దానితోనే సాగింది. ఆళ్లగడ్డ గెలిచింది.

కప్పుతో ఫోటో దిగేటప్పుడు ముందు పరిచిన గొలుసుకు ఆ మాసిన తువాలు వేలాడుతుంటే ఆదినారాయణకు చిన్నతనమనిపించి, విప్పేయమన్నాడు.

సుందరరాజు కదల్లేదు.

"బండలు రెండడుగులు కొయ్యి. అప్పుడు విప్పుతా."