నల్ల రబ్బరు చెప్పులు

అమరావతిలో రాతి మీద చెక్కిన పాదాలు చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నేనూ వెళ్ళాను, ఊళ్ళు తిరగడం నాకున్న జబ్బు. బతికున్న మనుషుల పాదాల్ని అంత శ్రద్ధగా చూసేవాణ్ణి మాత్రం మాచర్లలోనే చూశాను. ఆయన పేరు ఖాసిం. కుష్ఠు నివారణ విభాగంలో చిన్న ఉద్యోగం. సైకిలు మీద తిరిగి ఇంటింటికీ మాత్రలిచ్చేవాడు.

ఎనభై ఆరు ఎండాకాలం, నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను. బజార్లో పచారీ కొట్టు నడిపే కోటేశ్వరమ్మకు ఎడమ పాదంలో స్పర్శ పోయింది. కాలిన నాపరాయి మీద నడిచినా తెలియదు. అరికాలు పుండయ్యాకే చూసుకుంది. రోగం మాత్రలతో తగ్గుతుంది గానీ, పాదం దక్కాలంటే ఆస్పత్రిలో ఇచ్చే మెత్తటి నల్ల రబ్బరు చెప్పులు వేసుకోవాల్సిందే. ఆమె వాటిని బియ్యం డబ్బా వెనక దాచింది. అవి ఏ రోగానికిస్తారో ఊరందరికీ తెలుసు మరి. కొట్టుకు ఒక్క మనిషీ రాడని ఆమె భయం.

ఖాసిం బతిమాలాడు, కసిరాడు. చివరికి తనే ఒక జత తొడుక్కుని తిరిగాడు. "నువ్వు ఆఫీసోడివి, నీకు చెల్లుద్ది," అందట ఆమె.

ఆ మాట ఇంట్లో చెప్పుకుని వాపోతే ఆయన భార్య రషీదా మర్నాడు తన పాదం కొలత గీసిన కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆ నల్ల చెప్పులతో పంపు దగ్గరికెళ్తే నెల రోజులు ఆమె పక్కన ఎవరూ బిందె పెట్టలేదు.

ఒకరోజు బెల్లం కోసం నేను కొట్టు ముందు నిలబడ్డాను. లోపల కోటేశ్వరమ్మ పుండుకు కట్టు కట్టిన రషీదా, దాచిన జత తెచ్చి గడప బయట తన జత పక్కన పెట్టింది. సరిగ్గా అప్పుడే పక్కింటి లీలావతి నూనె సీసాతో వచ్చింది.

"ఏందత్తా, ఈ చెప్పులు రెండు జతలున్నయి?"

తక్కెడలో నా బెల్లం తూస్తున్న కోటేశ్వరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"రెండూ నావే లీలా," అంది రషీదా.

కోటేశ్వరమ్మ తక్కెడ కిందపెట్టి, కుంటుకుంటూ గడప దాకా వచ్చింది.

"కాదులే. ఆ పెద్దవి నావి," అని కాళ్ళు దూర్చింది.

లీలావతి ఆ కాళ్ళ వంక చూసింది, రషీదా వంక చూసింది. తర్వాత సీసా కోటేశ్వరమ్మకు అందించింది.

"పావుకిలో నూనె పొయ్యత్తా. పొయ్యి మీద మూకుడు పెట్టి వచ్చా."