బోరు దగ్గర ఎబినేజర్

ములకలపల్లిలో ఇంటి నుంచే ఉద్యోగం చేసే ఎబినేజర్‌కి రోజంతా ఒకటే పని. కంప్యూటర్‌లో బొమ్మలు చూపించే కార్డు మొదలయ్యేటప్పుడు, దాన్ని నడిపే ప్రోగ్రాం ఒక్కో మెట్టులో కొంత మెమరీ తీసుకుంటుంది. మధ్యలో ఏ మెట్టు ఫెయిలైనా, తీసుకున్నదంతా చివరిదాని నుంచి మొదటిదాకా తిరిగి ఇచ్చెయ్యాలి. ఇవ్వడం మరిచిన చోట్లను వెతికి అతను సరిచేస్తాడు. ఒక్కో లైను కింద చూపుడువేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతాడు. తప్పు దొరికితే మెడ మీది తువ్వాలుతో తృప్తిగా ముఖం తుడుచుకుంటాడు.

మొన్న పెరట్లో బోరు వేయించాడు. నాలుగు వందల అడుగులు దిగినా చుక్క నీరు పడలేదు. బోరు లారీ వెళ్లిపోయింది. తెల్లారి బిందెతో బయల్దేరిన తల్లి ఆరోగ్యమ్మకు, పారతో మట్టిని బోరు గుంతలోకి తోస్తూ కొడుకు కనిపించాడు.

"ఏంది బిడ్డా, గిట్ల జేస్తున్నవ్?"

"ఆఖర్న తీసింది ముందు పోవాలమ్మా. తెల్ల రాతిపొడి ముందు, ఎర్రమన్ను ఆఖర్న."

"రాత్రి వానకు అంత కలిసిపాయె గద. ఏది ఏందో ఎట్ల తెలుస్తది?"

ఎబినేజర్ కుప్ప ముందు గొంతుక్కూర్చుని, బురద మీద చూపుడువేలు పెట్టాడు. పెదవులు చాలాసేపు కదిలాయి. తువ్వాలు మెడ మీదే ఉండిపోయింది.