రుమెన గొంతు దిగిన ముద్ద

రుమెనకు నాలుగేళ్ళప్పుడు వాళ్ళమ్మ పెర్సిదా పెరట్లో సబ్బు కాస్తోంది. చలి ముదిరి పందిని కోశాక మిగిలిన కొవ్వును బానలో కరిగించి, కాస్టిక్ సోడా కలిపి, ఏడాదికి సరిపడా సబ్బు చేసుకోవడం లెస్కోవాత్స్ ఊరి చుట్టుపక్కల ఇంటింటా ఉన్న పనే. పెర్సిదా సోడా నీళ్ళున్న రేకు గ్లాసు అరుగు మీద పెట్టి కట్టెలు తేవడానికి వెళ్ళింది. పిల్లకు దాహమేసింది.

తాగింది ఒక్క గుక్కే. పెదాలు మానాయి, నాలుక మానింది, మాట కూడా వచ్చింది. గొంతు నుంచి పొట్టకు దిగే గొట్టం మాత్రం లోపల ఉడికిపోయి, పుండు పడి, ఆ పుండు మానే కొద్దీ ముడుచుకుపోయి, చివరికి ఉమ్మి కూడా దిగనంతగా మూసుకుపోయింది.

బెల్‌గ్రేడ్ ఆసుపత్రిలో ఎడమ పక్కటెముకల కింద పొట్టకు చిన్న కన్నం పెట్టి రబ్బరు గొట్టం తగిలించారు. "పిల్ల పొట్టకు ఏ లోపమూ లేదమ్మా. పేగులూ బాగున్నాయి. దారే మూసుకుపోయింది. ఇకనుంచి దారి ఇదే," అన్నాడు డాక్టరు.

మొదట్లో పెర్సిదా గరాటు పెట్టి పాలూ, గంజీ పోసేది. పొట్ట నిండేది, పిల్ల మాత్రం ఆకలి ఆకలి అని ఏడ్చేది, పుల్లలా తయారైంది. ఊళ్ళో నర్సు చూసి తిట్టింది. "నమిలించవేం? నోట్లో రుచి తగిలితేనే పొట్టలో రసాలు ఊరతాయి. ఉమ్మి కలిస్తేనే రొట్టె అరగడం మొదలవుతుంది. ఊరికే పోస్తే కుండలో పోసినట్టే." అప్పటినుంచి రుమెన రొట్టె నమిలి, గిన్నెలోకి ఉమ్మి, వేడి పులుసుతో కలిపి గరాటులో పోసుకునేది. ఒళ్ళు పట్టింది. ఎర్రమిరపకాయలు కాల్చిన వాసన వస్తే అందరు పిల్లల్లాగే ఆమె నోరూ ఊరేది.

ఆ తినడాన్ని చూడలేకపోయింది ఇంట్లోవాళ్ళే. పెర్సిదా సామాన్ల గదిలో, ఊరగాయ పీపాల మధ్య ఒక ముక్కాలిపీట వేసింది.

"తలుపేసుకోవే. నాన్న భోంచేస్తున్నాడు."

ఎవరైనా అడిగితే ఆమె చెప్పే మాట ఒక్కటే. "అటక మీద పెట్టానమ్మా గ్లాసు. పీటెక్కి మరీ అందుకుంది. దాని రాత." తలుపవతల కూర్చుని నములుతూ రుమెన ఆ మాట వింటూ పెరిగింది. అరుగు తనకు బాగా గుర్తు. దాని చల్లదనం కూడా గుర్తు. ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

వయసొచ్చాక బట్టల మిల్లులో కుదిరింది. చొక్కా కింద ఏముందో పైకి తెలిసేది కాదు, మనిషి చూడ్డానికి బాగుండేది. మగ్గాలు బాగుచేసే బ్లగోయె ఆమె వెంటపడ్డాడు. రుమెన దాచలేదు, అంతా చెప్పింది.

"అయితే ఏంటట? మా నాన్నకు ఒక కాలే లేదు. మా అమ్మ వదిలేసి పోయిందా?" అన్నాడు అతను.

మాట ఖాయం చేసుకోవడానికి బ్లగోయె తల్లిని వెంటబెట్టుకుని రుమెన వాళ్ళింటికొచ్చాడు. పళ్ళ సారా, రాకియా తాగారు, నవ్వుకున్నారు. భోజనాల వేళ పిల్ల కనబడక, వంటింట్లో సాయం చేస్తోందేమో పలకరిద్దామని ఆవిడ వరసగా తలుపులు తీసుకుంటూ వెళ్ళింది. సామాన్ల గది తలుపు తీసింది. రుమెన చొక్కా ఎత్తి, ఒక చేత్తో గరాటు పట్టుకుని ఉంది. ఆవిడ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, తలుపు మెల్లగా మూసేసింది. కొడుకుకు టోపీ అందిస్తూ గుమ్మంలో అంది: "పద నాయనా. దూడకు మందు పట్టినట్టు గరాటుతో పోసుకుంటోంది." బ్లగోయె వెళ్ళాడు. ఆ తర్వాత మిల్లులో వేరే షెడ్డుకు మార్పించుకున్నాడు.

గొట్టం మార్పించుకోవడానికి రుమెన అప్పుడప్పుడు బెల్‌గ్రేడ్ వెళ్ళేది. ఆ ఏడు వెళ్ళినప్పుడు కొత్తగా వచ్చిన ప్రొఫెసర్ రదివోయెవిచ్ ఆమెను వార్డులో పెట్టుకున్నాడు. "నీకు కొత్త గొంతు చేస్తాను. పెద్దపేగులోంచి ఒక ముక్క తీసి, దాని రక్తనాళాలు తెగకుండా, రొమ్ము ఎముక వెనకనుంచి మెడ దాకా లాగుతాను. పేగు ఎక్కడున్నా కదలడం మానదు, ముద్దను అదే కిందికి తోస్తుంది. నువ్వు నోటితో తింటావు."

రుమెన ఆయన చెయ్యి ముద్దు పెట్టుకుంది.

ఆపరేషన్‌కి ముందు ఒక ఉదయం ఆమెను విద్యార్థులున్న హాల్లోకి తీసుకెళ్ళారు. బల్ల మీద పడుకోబెట్టి గొట్టం తీసేశారు. కన్నం అంచున పొట్ట లోపలి పొర, బుగ్గ లోపలి భాగంలాగా ఎర్రగా, తడిగా కనిపిస్తోంది. కుర్రాళ్ళు ఒక్కొక్కరే వంగి చూశారు. ఆమె కప్పు వైపు చూస్తూ పడుకుంది. సరే, డాక్టర్లేగా అనుకుంది.

అప్పుడు ప్రొఫెసర్ ఆమె మీదికి వంగి, ఆప్యాయంగా అన్నాడు: "రుమెనా, నీకు చెప్పడం మర్చిపోయాను. బ్లగోయె వచ్చాడు. కింద నిలబడ్డాడు."

వార్డులో నర్సుతో పంచుకున్న కథ అది. ఆయన దాకా ఎలా వెళ్ళిందని అడగాలని కూడా ఆమెకు తట్టలేదు. లేవబోయింది. "జుట్టు దువ్వుకోలేదండీ," అంది.

"కదలకు. చూడండి అందరూ, రంగు చూడండి! రసం ఊరుతోంది, చూశారా? మనిషి మనసులో ఏముందో పొట్ట దాచలేదు." కుర్రాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. కాసేపయ్యాక ఆయన చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "ఎవరూ రాలేదమ్మా. పాఠం కోసం అన్నాను. ఇప్పుడు చూడండి, మళ్ళీ మారుతుంది."

హాల్లో ఎవరో నవ్వారు. రుమెన ఏడవలేదు. ఏడిస్తే అదీ చూస్తారు.

ఆపరేషన్ చేసింది ఆయనే. బాగా చేశాడు. జ్వరాలు, చీము, కుట్లు విప్పి మళ్ళీ వెయ్యడం, అంతా గడిచాక నర్సు చెంచాతో కోడి పులుసు పట్టింది. గొంతులో వెచ్చగా దిగి, రొమ్ము వెనక పాములా మెల్లగా జరిగి, పొట్టలో పడింది. అది ఎక్కడిదాకా వచ్చిందో ఆమె చేత్తో తడుముతూ చూసుకుంది. ప్రొఫెసర్ మంచం దగ్గర నిలబడి, "ఏమంటావ్?" అన్నాడు. ఆయనకు దండం పెట్టాలో మొహాన ఉమ్మాలో ఆమెకు తెలియలేదు. "ఉప్పు తక్కువైంది," అంది. ఆయన సంతోషంగా నవ్వాడు.

ఇంటికి వచ్చేసరికి ఇంటి దేవుడు సెయింట్ నికొలా పండగ. చేపలు, చిక్కుడు గింజల వంట, నిండా చుట్టాలు. రుమెన మొదటిసారి బల్ల దగ్గర కూర్చుంది. నమిలింది, మింగింది. మింగిన ముద్ద రొమ్ము వెనక జరుగుతున్నప్పుడు గుడగుడమని చప్పుడయింది, మెడ దగ్గర చర్మం కదిలింది. వదిన స్మిల్యా చెంచా కింద పెట్టేసింది.

"రుమెనా, ఏమీ అనుకోకు. నేనసలే వేవిళ్ళతో ఉన్నాను. ఇవాళ్టికి లోపల తినకూడదూ?"

అన్న తిహోమిర్ తన గ్లాసు నింపుకున్నాడు. పెర్సిదా లేచి కూతురి పళ్ళెం అందుకుంది. రుమెన పళ్ళెం వదల్లేదు. తల్లీ కూతురూ చెరో అంచు పట్టుకుని లాగారు. చిక్కుడు గింజలు బల్లగుడ్డ మీద ఒలికాయి. మర్నాడు రుమెన పెట్టె సర్దుకుని మిల్లు హాస్టలుకు మారిపోయింది.

మిల్లు క్యాంటీన్లో ఆమె మెల్లగా తినేది. ముద్ద దిగడానికి ఆగాలి, నీళ్ళు తాగాలి, నిటారుగా కూర్చోవాలి. ఆమె సగం తినేసరికి తోటివాళ్ళు లేచిపోయేవారు. చప్పుడు గురించి ఎవరూ ఏమీ అనలేదు. మగ్గాల మధ్య బతికేవాళ్ళకు వినపడకపోయి ఉండొచ్చు.

పెర్సిదా మంచాన పడినప్పుడు కబురొస్తే వెళ్ళింది. తల్లికి కడుపులో పుండు, ఏమీ ఇమడడం లేదు. రుమెన పక్కన కూర్చుని చెంచాతో పాలు పట్టింది. పెర్సిదా ఒక గుటక మింగి, కూతురి మెడ మీద మచ్చ చూసి, పక్కనున్న పొరుగావిడతో అంది: "అటక మీదే పెట్టానమ్మా. పీటెక్కింది."

రుమెన చెంచా గిన్నెలో పెట్టింది. "అరుగు మీద పెట్టావమ్మా."

పెర్సిదా గోడ వైపు తిరిగింది. ఆ తర్వాత కూతురి చేతి పాలు తాగలేదు, స్మిల్యా పడితేనే తాగింది. వారంలో పోయింది.

సమాధి దగ్గరనుంచి వచ్చాక బల్లలు వేశారు. ఉడికించిన గోధుమలు, రొట్టె, చేపలు, రాకియా. చావింట్లో ఎవరినీ లోపలికి పొమ్మనకూడదు కాబట్టి రుమెనను కూతురి స్థానంలో, బల్ల మొదట్లో కూర్చోబెట్టారు. ఆమెకు ఆకలేసింది. నమిలి నమిలి, నీళ్ళు తాగుతూ, అందరూ లేచిపోయాక కూడా తింటూనే ఉంది. గిన్నెలు తీస్తున్న ఆడవాళ్ళు ఒకరితో ఒకరు గుసగుసలాడుకున్నారు.

"చూడవే, కన్నతల్లిని మట్టిలో పెట్టొచ్చి ఎలా తింటోందో!"

"ముద్ద ఎలా దిగుతోందో దానికి!"

రుమెన విన్నది. ఇంకో రొట్టెముక్క తుంచుకుంది.