కదలొద్దను మీ అవ్వను

మొన్న బస్సు కిటికీలోంచి వానకు తడిసిన టేకాకుల వాసన గుప్పున కొట్టగానే, ఆసిఫాబాద్ అడవిలో వాగు బండల మీంచి దూకే చోటు, అక్కడ మూడుకాళ్ల కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని వంగిన మా పెద్దబాపు, అన్నీ ఒక్కసారే కళ్లముందుకొచ్చాయి.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. రజాకార్ల గోల సద్దుమణిగిన రోజుల్లో ఫొటోల దుకాణం పెట్టాడు కానీ, మనసంతా నీళ్ల మీదే. షట్టర్ రెప్పపాటు తెరిస్తే దూకే నీళ్లు చెరిగిన జొన్నల్లా విడివిడిగా వస్తాయి, కాసేపు తెరిచి ఉంచితే మజ్జిగలా తెల్లగా కలిసిపోతాయి. ఈసారి ఇంకాస్త సేపు తెరిచి చూస్తానంటూ వానకాలమంతా అదే పిచ్చి. ఫొటో పడే గాజు ప్లేట్లన్నీ దండుగ చేస్తున్నాడని బాపు సణిగేవాడు.

పొలాల అమావాస్య మర్నాడు, ఎడ్ల కొమ్ముల రంగు ఇంకా పోకముందే, తినడానికి పోలెలు మూటగట్టుకుని బండిలో అందరం వాగుకు పోయాం. నీళ్ల ఎత్తు తెలియాలంటే పక్కన మనుషులు ఉండాలన్నాడు పెద్దబాపు. అవ్వ, అంటే మా అమ్మ, ససేమిరా అంది. ఏనాడూ బావగారి ఎదుట నిలబడ్డ మనిషి కాదు. ఆయన గొంతు వినిపిస్తే చాలు, కొంగు లాక్కుని తలుపు చాటుకు పోయేది. ఆయనా అంతే, మరదలి వైపు కన్నెత్తి చూడడు, ఏం చెప్పాలన్నా నాతో చెప్పిస్తాడు. చివరికి బాపు గదిమితే, నా చెయ్యి పట్టుకుని బండ మీద నిలబడింది.

పెద్దబాపు షట్టర్ తెరిచి, మర్యాదకు మొహం అటు తిప్పుకుని, గడియారం చూస్తూ అన్నాడు: "బిడ్డా, కదలొద్దను మీ అవ్వను."

ఆ గొంతు చెవిన పడగానే అవ్వ అలవాటు కొద్దీ నా చెయ్యి వదిలి చెట్టు చాటుకు తప్పుకుంది. నేను మాత్రం ఆయన చెప్పినట్టే బిగుసుకుపోయాను, ఎత్తిన చెయ్యి కూడా దించలేదు. ఆయన ఇటు తిరిగేసరికే అంతా అయిపోయింది. ఏం మర్యాదలో ఏమో, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అదే ఆఖరి ప్లేటు. కడిగి చూస్తే నీళ్లు ఆయన కోరుకున్నట్టే వచ్చాయి. నా పక్కన, అవ్వ నిలబడ్డ చోట మాత్రం కాస్త పొగ. వచ్చే వానలకు మళ్లీ తీద్దామన్నాడు.

ఎండాకాలంలోనే కామెర్లు ముదిరి అవ్వ పోయింది. ఆమె ఫొటో మరొకటి లేదు. పెద్దబాపు ఆ ప్లేటునే ఓసారి ముదురుగా, ఓసారి లేతగా అచ్చు తీస్తూ, ఆ పొగలో వేలు పెట్టి నన్ను అడిగేవాడు.

"మీ అవ్వ మొకం గిట్లనే ఉండెనా, బిడ్డా? నేనెన్నడు సూడలే."

పైన ఎక్కడో కట్ట వేశారట, ఇప్పుడు అక్కడ నీళ్లు దూకవు. బాపు లేడు, పెద్దబాపు లేడు. మీ అవ్వ ఎట్లుండేదని నిన్న మనవరాలు అడిగింది. ఆ ముఖం చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. నాకు గుర్తు లేదు.