ఈగల పేరంటం

చాండ్లర్‌లో మా వెనకింటి జ్ఞానప్రసూన గారు మత్తు డాక్టరుగా జీవితమంతా పనిచేసి రిటైరయ్యారు. ఆపరేషన్ బల్ల మీద పడుకున్నవాళ్లను నిద్రపుచ్చి మళ్లీ క్షేమంగా లేపడం ఆవిడ పని. అక్కడ ఆవిడకు ఎదురుచెప్పిన పేషెంటు లేడు. రిటైరయ్యాక మాత్రం ఒక మొండి పేషెంటు తగిలింది. అది పెరట్లో మామిడిచెట్టు.

అరిజోనా ఎండకు చెట్టు మాడిపోకుండా వేసవంతా పైన నీడగుడ్డ కట్టేవారు. మొదలుకు తెల్లగా సున్నం పూసేవారు. చలికాలంలో మంచు కొడుతుందని దుప్పట్లు కప్పి, వేడి పుట్టే పాతరకం క్రిస్మస్ బల్బులు కొమ్మలకు చుట్టేవారు. ఫిబ్రవరి వచ్చినా ఆ దీపాలు తీయకపోవడం చూసి, మా వీధిలో ఇంత క్రిస్మస్ భక్తి ఇంకెవరికీ లేదని అమెరికన్ పొరుగువాళ్లు మురిసిపోయేవారు.

ఇంత సేవ చేసినా చెట్టు ఆకులే వేసింది. ఏపుగా, నల్లగా నిగనిగలాడే ఆకులు. ఉగాదికీ గృహప్రవేశాలకీ మా ఊరి తెలుగువాళ్లందరూ అక్కడికే వచ్చి ఆకులు కోసుకెళ్లేవారు. ఆంటీ వాళ్లాయన ఆంజనేయప్రసాద్ గారు కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో పనిచేసి రిటైరైనాయన. "మనది పండ్ల చెట్టు కాదు ప్రసూనా, తోరణాల చెట్టు" అనేవారాయన. ఆంటీ ఆ మాటకు నవ్వేవారు కాదు.

చివరికి ఆవిడే చదివి తెలుసుకున్నారు, తప్పు తిండిలో ఉందని. నెలనెలా ఎరువు, రోజూ నీళ్లు దొరికే చెట్టుకు పూయాల్సిన అవసరం ఏముంటుంది? ఆకులు వేసుకుంటూ హాయిగా ఉంటుంది. శరదృతువులో ఎరువు ఆపి, నీళ్లు బాగా తగ్గిస్తే, చల్లటి రాత్రులు తోడై పూత వస్తుందట. ఆపరేషన్‌కు ముందు పేషెంటును పస్తుంచడం లాంటిదేనని నాతో ధీమాగా చెప్పారు. అంకుల్‌కే మనసొప్పలేదు. బియ్యం కడిగిన నీళ్లు చాటుగా చెట్టు మొదట్లో పోస్తూ దొరికిపోయారు. ఆ తర్వాత బియ్యం, గిన్నెలు కడిగే పని కూడా ఆంటీయే తీసేసుకున్నారు.

ఆ జనవరిలో చెట్టు పూసింది. ఆంటీ కాలనీలో తెలిసినవాళ్లందరినీ పిలిచి, కాఫీ ఇచ్చి మరీ పూత చూపించారు. అంతా చూశాం, మెచ్చుకున్నాం. ఒక్క పిందె నిలవలేదు. పక్కింటి నారింజ, నిమ్మ చెట్లు ఘుమఘుమలాడుతుంటే తేనెటీగలు అటే పోయాయి గానీ, మామిడి వైపు తిరిగి చూడలేదు. పూతంతా ఎండి రాలిపోయింది. ఆంటీ చీపురు పట్టుకుని ఊడుస్తూ ఉండిపోయారు. ఆ రోజు ఆవిడను ఎవరమూ ఆటపట్టించలేదు.

మరుసటి ఏడు పూత వచ్చే వేళకు ఆవిడ మా ఇంటి తలుపు తట్టారు. చాలాసేపు నా ఉద్యోగం గురించీ, ఎండల గురించీ మాట్లాడారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నమ్రతా, నువ్వు ఫిష్ తింటావు కదమ్మా?" అన్నారు.

మాది భీమవరం. తింటాననే చెప్పాను.

"అయితే నాకు కొంచెం హెల్ప్ చెయ్యాలి. మామిడి పూతకి తేనెటీగల కన్నా ఈగలే నయమట. ఈగలు రావాలంటే చేపలు కుళ్లబెట్టాలిట."

నాకు వెంటనే నమ్మబుద్ధి కాలేదు. కేకు మీద లేబుల్ చదివి, గుడ్డు ఉందని తెలిస్తే పెట్టెతో సహా గుమ్మం బయటే పెట్టించే మనిషి ఆవిడ. ఇంట్లో ఈగ కనిపిస్తే దాన్ని పంపించేదాకా భోజనానికి కూర్చోరు.

మర్నాడు ఇద్దరం ఏషియన్ స్టోర్‌కి వెళ్లాం. ఆంటీ కార్‌లోనే కూర్చుంటారనుకున్నాను. కూర్చోలేదు. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, ఆపరేషన్ థియేటర్‌లోకి నడిచినట్టు చేపల విభాగంలోకి నడిచారు. కౌంటర్ దగ్గర ఉన్నాయన ఐసు మీది చేపలను ఒక్కొక్కటే చూపిస్తూ ఎంత తాజావో చెప్పబోయాడు. తాజావి వద్దని, అన్నిటికన్నా పాతది కావాలని ఆంటీ అడిగారు. ఆయన మొహం మాడిపోయింది. మా దగ్గర అలాంటి సరుకు ఉండదన్నాడు. ఇంట్లో పెట్టి కుళ్లబెట్టుకుంటామని ఆవిడ ఓదార్చబోయారు. దానితో ఆయనకు మరింత కోపం వచ్చింది. నేను మధ్యలో దూరి, చెట్టు సంగతి చెప్పి, పారేసే తలకాయలు ఒక సంచీ నిండా ఇప్పించుకుని బయటపడ్డాను.

మూత తీసిన బకెట్‌లో వాటిని వేసి, పిల్లులు ముట్టుకోకుండా వల కట్టి కొమ్మకు వేలాడదీశాం. రెండ్రోజుల పాటు ఒక్క ఈగా రాలేదు. ఎప్పుడూ పిలవకుండానే వచ్చేవి, పిలిస్తే బెట్టు చేస్తున్నాయని ఆంటీ నొచ్చుకున్నారు. తర్వాత ఎండ కాస్త ముదిరింది. అప్పుడు వచ్చాయి, బంధుమిత్ర సపరివారంగా. చెట్టంతా ఝుమ్మని మోగింది. ఆవిడ భూతద్దం పెట్టుకుని పూగుత్తుల మీద పాకుతున్న ఈగలను చూస్తూ, ఎంత చక్కగా పనిచేస్తున్నాయో అని మెచ్చుకోవడం నేను చెవులారా విన్నాను.

ఆ సంబరంలోనే రెండు వారాలు గడిచాయి. మరిచిపోయిందేమిటంటే, ఆ శనివారం భజన వాళ్లింట్లోనే.

వెనక వరండాలో చాపలు పరిచి అందరం కూర్చున్నాం. రెండో కీర్తన అందుకునేసరికి గాలి తిరిగింది. ఒకరి గొంతు ఆగింది, మరొకరు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. భజన నడిపించే సుమతి గారు తాళాలు పక్కన పెట్టి, నెమ్మదిగా నా వైపు తిరిగారు. ఆ గుంపులో చేపలు వండే ఇల్లు మాదొక్కటే, మధ్యలో ఉన్నది గోడ మాత్రమే. పక్కవాళ్ల వంట వల్ల దైవకార్యానికి ఎలా ఇబ్బంది కలుగుతుందో ఆవిడ చాలా మర్యాదగా చెప్పడం మొదలుపెట్టారు. నేను తలొంచుకున్నాను. ఆంటీ గుట్టు నా నోటితో చెప్పడం భావ్యం కాదనిపించింది.

ఆంటీ లేచి నిలబడ్డారు. మొహం ఎర్రబడింది.

"సుమతీ, నమ్రతని ఏమీ అనకు. ఆ చేపలు నావి."

 సుమతి గారు నన్ను వదిలి ఆవిడ వైపు తిరిగారు. "మీవా? వండటానికా?" అన్నారు.

"ఛ, వండటానికి కాదు. ఈగల కోసం."

ఈ జవాబు విన్నాక, వండటానికే అని ఉంటే బాగుండేదని అందరి మొహాల్లోనూ కనిపించింది. అంకుల్ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయారు. ఆంటీ మాత్రం వెనక్కి తగ్గలేదు. అందరినీ చెట్టు దగ్గరకు తీసుకెళ్లి, ముక్కులు మూసుకునే చూడమని, ఒక పూగుత్తి వంచి చూపించారు. ఎండిన పూల మధ్య ఆవగింజలంత, ఆకుపచ్చగా, గుండ్రంగా పిందెలు. సుమతి గారు ముక్కు మీది కొంగు తీసేసి వంగి చూశారు. తక్కిన కీర్తనలు ఆ రోజు హాల్లో, తలుపులు బిగించుకుని పాడుకున్నాం.

ఆ పిందెల్లో చాలావరకు మే నెల వేడిగాలికి రాలిపోయాయి. మిగిలినవాటికి ఎండ తగలకుండా ఆంటీ పాత నూలు చీరలు కత్తిరించి సంచులు కుట్టారు. జూన్‌లో కొమ్మకొమ్మకూ మంగళగిరి అంచులు వేలాడాయి. ఆగస్టులో మొదటి పండు కోసిన రోజు మమ్మల్నందరినీ పిలిచారు. చేపల తలకాయల పుణ్యాన కాసిన పండు శాకాహారం కిందికి వస్తుందా అని సుమతి గారు నిజంగానే అడిగారు. ఎవరూ జవాబు చెప్పకముందే ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. తర్వాత ఇంకోటి తీసుకున్నారు.

పండు అంత తీపేమీ కాదు, పీచు కూడా ఉంది. ఆ సంగతి ఆంటీయే ముందుగా పైకి అన్నారు. అని, టెంక మాత్రం ఎవరికీ ఇవ్వకుండా సింకు దగ్గరికి పట్టుకెళ్లి, మాకు వీపు తిప్పి నిలబడి, మోచేతుల దాకా రసం కారుతుంటే నిదానంగా చీకారు.