మా టవర్ మూల గాలి

మెల్‌బోర్న్‌లో మేముండే టవర్ మూల తిరిగితే ట్రామ్ స్టాప్. చలికాలంలో ఆ మూల దాటడమంటే గండం దాటినట్టే. ఇక్కడ చలికాలమైన జులైలో ఓ సాయంత్రం పాపను ప్రామ్‌లో తోసుకుంటూ మలుపు తిరిగాను. గాలి విసురుకు ప్రామ్ ముందు చక్రాలు పైకి లేచాయి. "అమ్మో!" అని అరిచాను.

ఎదురుగా వస్తున్న ఒకావిడ చేతిలో సంచి వదిలేసి ప్రామ్ పట్టేసుకుంది. తలమీది దుపట్టా ఎగిరి ఆవిడ మొహాన్ని కప్పేసింది.

"గట్టిగ పట్టుకో బిడ్డా, చెయ్యి ఇడవకు!"

ఇద్దరం ఎలాగో ప్రామ్‌ను మా లాబీలోకి లాగాం. పాప నవ్వుతోంది. నేను ఆవిడ వైపు తిరిగాను.

"నేను తెలుగని ఎలా తెలిసింది ఆంటీ?"

"అమ్మో అన్నవ్ గద!"

ఆవిడది హైదరాబాద్. మా బిల్డింగ్‌లోనే ఉంటూ, భర్తతో కలిసి బట్టల షాపు నడుపుతోంది. "స్ట్రీట్ మొత్తం మంచిగనే ఉంది. ఈడనే ఏందీ గాలి?" అంది.

అది చెప్పడమే నా ఉద్యోగం. ఊళ్లు, భవనాల నమూనాల మీదికి గాలి వదిలి పరీక్షించే ల్యాబ్‌లో ఇంజనీర్‌ని. పైన గాలికి వేగం ఎక్కువ. ఎత్తైన గోడ అడ్డొస్తే కిందికి జారి, దారి వెతుక్కుంటూ మూలల దగ్గర సుడులు తిరుగుతుంది. ఇదంతా నోటితో చెబితే ఆవిడకు తృప్తి కలగలేదు. అందుకే సందర్శకులను రానిచ్చే రోజున ల్యాబ్‌కి తీసుకెళ్లాను.

గాలి దారి కంటికి కనబడేలా నమూనా టవర్ మీదికి పొగ వదిలాం. పొగ గోడ వెంట జారి మూల దగ్గర చీలిపోయింది. ఆవిడ నమూనా ముందున్న అద్దానికి దగ్గరగా వంగింది.

"మనల్ని కొట్టింది గిదేనా? మరి దీనికి మందు లేదా?"

నమూనా గోడకు మూల దాకా వచ్చేలా చిన్న చూరు అతికించి మళ్లీ పొగ వదిలాను. ఈసారి చాలామటుకు చూరు మీదే చెదిరిపోయింది.

"మరి మన బిల్డింగ్‌కి ఎందుకు పెట్టలే?"

కట్టేశాక మార్చడం కష్టమన్నాను. ఆవిడ ఊరుకోలేదు. బిల్డింగ్ కమిటీ మీటింగ్‌కి నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. చూరుకు వాళ్లు ఒప్పుకోలేదు. మూల దగ్గర పెద్ద కుండీల్లో చెట్లు మాత్రం పెట్టించారు. గాలి కాస్త తగ్గింది, పోలేదు.

నమూనాల్లో మనిషి అంటే మాకు గాలి వేగం కొలవడానికి నేలకు కాస్త పైన అమర్చే సన్నటి గొట్టం. ఇప్పుడు దాన్ని అమర్చేటప్పుడల్లా, అక్కడ ఎవరు నడుస్తారో, వాళ్ల చేతుల్లో ఏముంటుందో ఆలోచిస్తాను.

గాలి ఎక్కువున్న రోజుల్లో మేమిద్దరం వెనక వీధి గుండా చుట్టు తిరిగి స్టాప్‌కి వెళ్తాం. దారి దూరమే. ఆంటీ మాటలకు మాత్రం అదీ చాలదు.