సముద్రానికి వీపు పెట్టిన కారు

మా సిరిల్ బావ ప్రతి శనివారం సముద్రానికి వెళ్లేవాడు. ఒక్కసారి కూడా సముద్రాన్ని చూడలేదు. వినేవాడు.

స్కెల్‌విక్ రేవు మీద లోకమంతా కార్లను అలల వైపు తిప్పి ఆపితే, బావ డిక్కీని అలలకు, ముఖాన్ని వాలు మీది ఇళ్లకు పెట్టి ఆపేవాడు. ఒళ్లో స్కానర్. పడవల వాళ్లు వైర్‌లెస్‌లో మాట్లాడుకునేదంతా పట్టి వినిపించే చిన్న పెట్టె అది. మన మాట మాత్రం అటు పంపదు.

"సముద్రం అటుంది బావా."

"ఉండనీ. ఎక్కడికి పోతుంది?"

ఎవరు నోరు విప్పినా బావ వేలు లేచేది. మా ఎనిడ్ అక్క పెళ్లయినప్పటి నుంచి ఆ వేలును చూస్తూనే శాండ్‌విచ్‌లు తింటోంది.

"సిరిల్, ఊరగాయ ముక్క..."

"ష్! వాల్టర్."

వాల్టర్ కాపిన్ 'బెస్సీ' అనే పడవలో పీతలు పట్టే ముసలాయన. బావ ఆయనతో ఒక్క మాటైనా మాట్లాడింది లేదు. కానీ ఆయన మోకాలి నొప్పి కుడివైపు నుంచి ఎడమవైపుకు ఎప్పుడు మారిందో తెలుసు.

"నేను పన్ను పీకించుకున్నప్పుడు ఏ వైపని కూడా అడగలేదు," అనేది అక్క.

ఇంకో పిచ్చి, పట్టపగలు హెడ్‌లైట్లు వెలిగించి కూర్చోవడం. సాయంత్రానికి బ్యాటరీ చచ్చేది. నేనూ అక్కా, దారిన పోయే పుణ్యాత్ములూ కారు తోసేవాళ్లం. బావ లోపలే ఉండేవాడు. "స్టీరింగ్ పట్టుకోవడం మీ అంత తేలికనుకున్నారా?"

కొన్ని శనివారాలు మేం ఐస్‌క్రీమ్ తిని వచ్చేసరికి బానెట్ మీద కాగితంలో చుట్టిన ఉడికిన పీతలు ఉండేవి.

"ఎవరిచ్చారు?"

"కొన్నాను."

"కారు దిగకుండానే?"

"ష్!"

ఒక శనివారం మధ్యాహ్నం సముద్రం మీది నుంచి పొగమంచు కమ్ముకొచ్చింది. వాలు మీది ఇళ్లు మసకబడ్డాయి. "వస్తున్నా," అన్న వాల్టర్ గొంతు ఒకసారి వినిపించింది. బావ కారుకున్న లైట్లన్నీ వెలిగించాడు. మిగతా పడవలన్నీ ఒక్కొక్కటే రేవు చేరాయి. బెస్సీ రాలేదు. బావ టీ తాగడం మరిచిపోయాడు. అది మా ఇంట్లో చరిత్ర.

లైట్లు ఎర్రబడి ఆరిపోయాయి. బావ తాళం తిప్పాడు. టిక్కుమంది, అంతే. పైన ఒక ఇంటి తలుపు తెరుచుకుంది. ఏప్రాన్ కట్టుకున్న ఒకావిడ గేటు దగ్గరికొచ్చి నిలబడింది.

అప్పుడు స్కానర్ గరగరలాడింది. "బెస్సీ నుంచి. ఇంజన్ చచ్చింది. కిట్టీవేక్ పడవ తాడు కట్టి లాగుతోంది. నేను బాగానే ఉన్నా, నా టీ ఒలికిపోయింది."

నేను నవ్వాను. బావ నవ్వలేదు. తలుపు తీసి, కారు దిగాడు.

"సిరిల్! ఒంట్లో బాగానే ఉందా?" అక్క హడలిపోయింది.

"నువ్వు రారా!" అని నన్ను లాక్కుంటూ మెట్లెక్కాడు. ఎక్కుతూనే రొప్పుతూ చెప్పాడు. "ఆవిడ ఆగ్నెస్, వాల్టర్ భార్య. ఈ ఊరి ఆడవాళ్లందరిలాగే వంటింట్లో రేడియో పెట్టుకుని మొగుడి గొంతు వినేది. గొంతు వినబడితేనే పొయ్యి మీద బంగాళాదుంపలు. ఇప్పుడు చెవులు పోయాయి. వారమంతా కూతురు విని చెబుతుంది. శనివారం ఆ పిల్లకి దుకాణంలో పని, అందుకే నన్నడిగింది. లైట్లు వెలిగితే వాల్టర్ గొంతు నాకు వినిపించిందని. రేవు చేరితే మూడుసార్లు ఆర్పి వెలిగిస్తా. వెలిగిన లైట్లు ఊరికే ఆరిపోతే..." ఆపైన చెప్పడానికి ఊపిరి లేదు.

ఆగ్నెస్ ముఖంలో నెత్తురు లేదు. "మునిగిందా?"

"లేదు! ఇంజన్! తాడు!" బావ ఆవిడ చెవి దగ్గర అరిచాడు. ఆవిడకు ఒక్క ముక్కా అందలేదు.

బావ తన మఫ్లర్ విప్పి నా నడుముకు కట్టాడు. రెండో కొస భుజాన వేసుకుని గేటు నుంచి గుమ్మం దాకా నన్ను ఈడ్చాడు. నన్ను చూపించి "బెస్సీ!" అన్నాడు. గుండె మీద చరుచుకుని "కిట్టీవేక్!" అన్నాడు. ఇంజన్ చచ్చిన పడవ ఏం చేస్తుందో నాకేం తెలుసు? అటూ ఇటూ ఊగాను.

ఆగ్నెస్ రెప్ప వేయకుండా చూసింది. ఏప్రాన్‌తో కళ్లు తుడుచుకుంది. పగలబడి నవ్వింది.

"మా బెస్సీ ఇంత లావుండదయ్యా," అని లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది.

మరుసటి శనివారం మేం ఐస్‌క్రీమ్ తిని వచ్చేసరికి బానెట్ మీద పీతలు లేవు. పడవలో వాడే పెద్ద బ్యాటరీ ఉంది.

"ఇదీ కొన్నావా?" అంది అక్క.

బావ నోరు తెరిచేలోపే స్కానర్ పలికింది. "బెస్సీ నుంచి. కారు తిరగేసి ఆపే పెద్దమనిషి వింటుంటే... అది పాతదే, కానీ గట్టిది. చాలా థాంక్స్."

బావ తడబడ్డాడు. వినే పెట్టెలోంచి జవాబు ఎలా చెబుతాడు? చివరికి లైట్లు వెలిగించాడు. వాలు మీద, ఆగ్నెస్ వంటింటి కిటికీలో దీపం మూడుసార్లు ఆరి వెలిగింది.

"సిరిల్, ఇన్నేళ్లూ నాతో ఒక్క ముక్కైనా..." అని అక్క మొదలుపెట్టింది.

ఈసారి వేలెత్తింది నేను. "ష్! వాల్టర్."